బోధన్‌లో ఏనుగులకు నూనె స్నానం: పంపకవి కథ

బోధన్ అనగానే మన జిల్లా వాళ్ళకి మొదట గుర్తొచ్చేది చక్కెర. శక్కర్‌నగర్, నిజాం షుగర్స్, చెరకు లోడుతో రోడ్డంతా ఆక్రమించే ట్రాక్టర్లు. ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా ఆ పేరు మాత్రం పోలేదు. మా ముప్కాల్ నుంచి బోధన్ వెళ్ళాలంటే ఆర్మూర్ దాటి, నిజామాబాద్ దాటి పోవాలి. దారిలో ఎవర్ని అడిగినా బోధన్ గురించి చక్కెర కథే చెప్తారు.

కానీ ఆ ఫ్యాక్టరీ రావడానికి దాదాపు వెయ్యేళ్ళ ముందు ఒక కావ్యంలో బోధన్ పేరు వచ్చింది. అక్కడ చక్కెర లేదు, నూనె ఉంది. యుద్ధమల్లుడు అనే చాళుక్య రాజు బోధన్‌లో ఒక తొట్టి కట్టించి, దాన్ని నూనెతో నింపించి, అందులో రోజూ 500 ఏనుగులకు స్నానం చేయించేవాడని ఆ కవి రాశాడు. చదవగానే నేను చేసిన మొదటి పని లెక్క వేయడం. ఏనుగుకి పది లీటర్లు అనుకున్నా రోజుకి 5000 లీటర్లు. అంటే ఇది గొప్పలు చెప్పడమే. ఐతే గొప్పలు చెప్పడానికి కూడా ఒక ఊరు కావాలి కదా, ఆ ఊరు బోధన్. ఆ వంశం మొదటి రాజధాని ఇక్కడే ఉండేదని చరిత్రకారులు చెప్పడానికి ఇలాంటి మాటలే దారి చూపించాయి.

ఆ కవి పేరు పంప. కన్నడ వాళ్ళు అతన్ని ఆదికవి అంటారు. మనకి నన్నయ ఎలాగో వాళ్ళకి పంప అలాగ. పంప, పొన్న, రన్న ముగ్గురినీ కలిపి రత్నత్రయం అంటారు. కర్ణాటక ప్రభుత్వం 1987 నుంచి అతని పేరు మీద పంప ప్రశస్తి ఇస్తోంది, మొదటిది కువెంపుకి వచ్చింది. బెంగళూరులో స్కూలుకి పోయే ఏ పిల్లాడికైనా తెలిసిన పేరు ఇది. అలాంటి మనిషి జీవితంలో ముఖ్యమైన భాగమంతా మన బోధన్, వేములవాడ, కరీంనగర్ చుట్టూ తిరిగిందని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చేదాకా తెలీదు. ఇంగ్లీష్ మీడియం సిలబస్‌ని తిట్టుకుందామంటే, తెలుగు మీడియంలో చదివిన ఫ్రెండ్స్‌కీ తెలీదు.

పంప పుట్టింది 902లో, దుందుభి నామ సంవత్సరంలో. ఈ సంవత్సరం పేరు అతనే తన కావ్యంలో చెప్పుకున్నాడు. వాళ్ళ పెద్దలది వేంగి మండలంలోని కమ్మనాడు, వంగిపర్రు అనే ఊరు. అంటే ఇప్పటి గుంటూరు వైపు. శ్రీవత్స గోత్రం, యజ్ఞాలు చేసిన వైదిక బ్రాహ్మణుల ఇల్లు. తండ్రి భీమపయ్య ఆ దారి వదిలి జైనం తీసుకున్నాడు. ఈ రోజుల్లో ఇంట్లో ఒకరు బ్రాంచ్ మారతానంటేనే చుట్టాలంతా పంచాయితీకి కూర్చుంటారు. పదో శతాబ్దంలో మతం మారితే ఎన్ని మాటలు పడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. పంప దాన్ని దాచలేదు. బ్రాహ్మణుడిగా పుట్టినవాడు నమ్మదగిన ధర్మం జైనమే అని తండ్రి ఎందుకు అనుకున్నాడో కావ్యంలోనే చెప్పి, తండ్రి వైపు నిలబడ్డాడు.

తల్లి అబ్బణబ్బె. ఆమె పుట్టినిల్లు ఇప్పటి ధార్వాడ జిల్లాలోని అణ్ణిగేరి, జోయిస సింఘ అనే ఆయన కుటుంబం. అంటే నాన్న వైపు వేంగి, అమ్మ వైపు కన్నడ దేశం నడిబొడ్డు. పంప ఆంధ్రుడా కన్నడిగుడా అని వాదించుకునే వాళ్ళు ఈ రెండు ఊళ్ళలో తమకి కావాల్సింది ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తారు. పంప మాత్రం దేన్నీ వదల్లేదు. కావ్య భాష కన్నడ, అందులోనూ పులిగెరె వైపు మాట్లాడే కన్నడ అని గర్వంగా చెప్పుకున్నాడు. పులిగెరె అంటే నేటి లక్ష్మేశ్వర్. బనవాసి అడవుల్ని, అక్కడి గాలినీ తలచుకుని బెంగపడ్డాడు. ఉన్నది ఇక్కడ, మనసు అక్కడ. హాస్టల్లో ఉండేవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

అతని కాలంలో దక్కన్ అంతా రాష్ట్రకూటులది. రాజధాని మాన్యఖేటం, ఇప్పటి కలబురగి జిల్లా మల్ఖేడ్. వాళ్ళ కింద సామంతులు వేములవాడ చాళుక్యులు. మొదట బోధన్, తర్వాత వేములవాడ కేంద్రంగా ఏలారు. పంప వచ్చేసరికి గద్దె మీద రెండో అరికేసరి ఉన్నాడు, కొలువు వేములవాడలో. అరికేసరి తల్లి రాష్ట్రకూట ఇంటి ఆడపడుచు, అతను చేసుకున్నదీ రాష్ట్రకూటుల పిల్లనే. పేరుకి సామంతుడే గానీ పెద్దింటి అల్లుడు.

ఇదే కాలంలో బయటి నుంచి ఒక మనిషి మన దేశాన్ని చూసి రాశాడు. అల్ మసూదీ అని బాగ్దాద్‌లో పుట్టిన అరబ్ చరిత్రకారుడు. 915 ప్రాంతంలో పడమటి తీరంలో ఖంభాత్, చౌల్ రేవులకు వచ్చాడు. అప్పటికి పంప 13 ఏళ్ళ పిల్లాడు. మసూదీ తన పుస్తకంలో హిందూ దేశపు రాజులందరిలో పెద్దవాడు బల్హరా అని, అతని రాజధాని మాన్కీర్ అని రాశాడు. మాన్కీర్ మన మాన్యఖేటమే, బల్హరా రాష్ట్రకూట చక్రవర్తి. కనోజ్ రాజుకి బల్హరాతో పడదని, ఆ వైపు ఒక సైన్యాన్ని ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుంటాడని కూడా రాశాడు.

ఇప్పుడు పంప దగ్గరికి రండి. అరికేసరి తండ్రి నరసింహుడు రాష్ట్రకూట మూడో ఇంద్రుడి తరఫున ఉత్తరానికి దండెత్తి పోయాడని, ఘూర్జర రాజు మహీపాలుణ్ణి ఓడించి తరిమాడని, తన గుర్రాలకి గంగలో స్నానం చేయించాడని పంప రాశాడు. ఆ మహీపాలుడే కనోజ్ రాజు. ఒకడు రేవులో నిలబడి వ్యాపారుల దగ్గర విన్నది అరబ్బీలో రాశాడు. ఇంకొకడు వేములవాడ కొలువులో విన్నది కన్నడలో రాశాడు. ఒకరికొకరు తెలీదు. ఇద్దరూ చెప్పేది ఒకే శత్రుత్వం గురించి. కనోజ్ చరిత్ర రాసేవాళ్ళు ఆ దండయాత్ర గురించి ఇప్పటికీ పంప మాటని సాక్ష్యంగా తీసుకుంటారు. పంపని కవి అని మాత్రమే అనడం నాకు తక్కువ అనిపించేది ఇందుకే.

మరి ఇవన్నీ ఎక్కడ రాశాడు? మహాభారతంలో. అవును, అందులోనే.

ఆ కావ్యం పేరు విక్రమార్జున విజయం, అందరూ పిలిచేది పంప భారతం. 14 ఆశ్వాసాలు, పద్యం గద్యం కలిసిన చంపూ. ఇందులో కథానాయకుడు అర్జునుడు. ఐతే ఆ అర్జునుడే అరికేసరి. పోలిక పెట్టడం కాదు, ఇద్దర్నీ ఒకే మనిషిగా చేసేశాడు. కథలో అర్జునుణ్ణి పిలిచేచోట అరికేసరి బిరుదులు వస్తాయి. మొదటి ఆశ్వాసంలో యుద్ధమల్లుడి నుంచి అరికేసరి దాకా వంశమంతా వరుసగా వస్తుంది, బోధన్ నూనె తొట్టి వచ్చేది అక్కడే. బద్దెగ అనే రాజు 42 యుద్ధాలు చేసి ఓటమి ఎరగనివాడిగా పేరు తెచ్చుకున్నాడని, వేంగి రాజు భీముణ్ణి నీళ్ళలో మొసలిని పట్టినట్టు పట్టుకున్నాడని కూడా అక్కడే ఉంది. ఆ వేంగి తన తాతల దేశం. ఐనా తన యజమాని ముత్తాతలు ఆ దేశపు రాజుని బంధించారని పొగుడుతూ రాశాడు. రాసేటప్పుడు అతనికి ఏమనిపించిందో.

రాజు అర్జునుడు ఐతే కథలో చాలా చోట్ల చిక్కులు వస్తాయి. మొదటి చిక్కు ద్రౌపది. ఐదుగురు భర్తలంటే రాజుగారికి బాగుండదు. కాబట్టి పంప భారతంలో ద్రౌపది అర్జునుడి భార్య మాత్రమే. చివర్లో పట్టాభిషేకం ధర్మరాజుకి జరగదు, అర్జునుడికి జరుగుతుంది, పక్కన పట్టపురాణిగా సుభద్ర కూర్చుంటుంది. మన ప్రోగ్రాములో ఒక వేరియబుల్ మారిస్తే ఎక్కడెక్కడో ఎర్రర్లు వచ్చినట్టు, ఈ ఒక్క మార్పు వల్ల కథలో చాలా చోట్ల అతుకులు కనిపిస్తాయి. ద్రౌపది ఒక్కడి భార్య ఐతే నిండు సభలో ఆమెకి జరిగిన అవమానం మిగతా నలుగురికీ ఎంతవరకు తగలాలి? భీముడి ప్రతిజ్ఞకి బలం ఎక్కడిది? ఈ ప్రశ్నలు పండితులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. నా మటుకు నాకు ఇది ముఖస్తుతి కోసం చేసిన పనే అనిపిస్తుంది, దాన్ని కవితా స్వేచ్ఛ అని సర్దిచెప్పలేను.

ఐతే విచిత్రం ఏంటంటే, ఇంత చేసిన పంప కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి మారిపోతాడు. నాయకుడు అర్జునుడు, అంటే జీతం ఇచ్చే రాజు. అతని చేతిలో చచ్చేవాడు కర్ణుడు. మామూలుగా కొలువు కవి ఐతే కర్ణుణ్ణి చెడ్డవాణ్ణి చేసి వదిలేస్తాడు. పంప అలా చేయలేదు. భారతంలో ఎవర్నైనా తలచుకోవాలంటే కర్ణుణ్ణే తలచుకోమన్నట్టు రాశాడు. దుర్యోధనుణ్ణి కూడా పట్టుదల ఉన్న మనిషిగా నిలబెట్టాడు. కన్నడ పాఠకులు వెయ్యేళ్ళుగా పంప భారతంలో ఎక్కువ ప్రేమించింది కర్ణుణ్ణే. రాజుకి కిరీటం ఇచ్చాడు, మనసు మాత్రం ఓడిపోయినవాడికి ఇచ్చాడు. అరికేసరి ఇది గమనించాడో లేదో గానీ, కోపం మాత్రం తెచ్చుకున్నట్టు లేదు. కావ్యం చూసి ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చాడు.

అరికేసరి గురించి రాసిన ఒక సంగతి మాత్రం పొగడ్తలన్నిటి కంటే విలువైనది. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగో గోవిందుడు చెడు పాలన చేస్తుంటే సామంతులంతా తిరగబడ్డారు. గోవిందుడికి భయపడి వచ్చిన విజయాదిత్యుడనే వాడికి అరికేసరి ఆశ్రయం ఇచ్చాడు, చక్రవర్తి అడిగినా అప్పగించలేదు. చివరికి గోవిందుడు దిగిపోయి, 935 ప్రాంతంలో బద్దెగ, అంటే మూడో అమోఘవర్షుడు, గద్దెనెక్కాడు. (ఈ బద్దెగ వేరు, 42 యుద్ధాల బద్దెగ వేరు. పేర్ల కరువు అప్పుడు కూడా ఉంది.) మాన్యఖేటంలో ప్రభుత్వం మార్చడంలో వేములవాడ నుంచి ఒక సామంతుడు చేయి వేశాడన్నమాట. ఆ గొడవ గురించి తెలుసుకోవాలంటే చరిత్రకారులు పంప భారతం తెరవాల్సిందే. జరిగిన ఐదారేళ్ళకే, దగ్గర నుంచి చూసినవాడు రాసింది అది. తన రాజు పక్షమే రాశాడు, నిజమే. ఎదుటి పక్షం మాట కూడా దొరికితే బాగుండేది. ఐనా నూనె తొట్టి లెక్క వేరు, ఈ లెక్క వేరు. రెండూ ఒకే కావ్యంలో ఉన్నాయి కాబట్టి రెండిటినీ ఒకేలా నమ్మకూడదు, రెండిటినీ ఒకేలా కొట్టిపారేయకూడదు.

ఇక రెండో కావ్యం ఆదిపురాణం. 941లో పూర్తయింది, అప్పటికి పంపకి 39 ఏళ్ళు. భారతం ఆరు నెలల్లో, ఆదిపురాణం మూడు నెలల్లో ముగించానని చెప్పుకున్నాడు. ఒక దాంట్లో లోకం గురించి, ఇంకో దాంట్లో జైన ధర్మం గురించి వెలుగు చూపిస్తానన్నాడు. మూడు నెలల్లో 16 ఆశ్వాసాలు. మనం మూడు నెలల్లో మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకటి పూర్తి చేయలేం.

ఆదిపురాణం మొదటి తీర్థంకరుడు వృషభనాథుడి కథ. జినసేనుడి సంస్కృత పురాణం దీనికి ఆధారం. ఇందులో రాజుగారు లేడు, పొగడ్త లేదు, చేయి తిరిగిన పంప పూర్తిగా కనిపిస్తాడు. నాకు అన్నిటికంటే నచ్చింది నీలాంజన ఘట్టం. వృషభనాథుడు రాజుగా సుఖాల్లో ఉంటాడు. అతనికి వైరాగ్యం కలిగించాలని ఇంద్రుడు నీలాంజన అనే నాట్యకత్తెని పంపుతాడు. ఆమెకి ఆయుష్షు కొంచెమే మిగిలి ఉంది. సభలో నాట్యం చేస్తూ చేస్తూ ఉండగానే ఆమె ఆయుష్షు తీరిపోయి మెరుపులా మాయమైపోతుంది. ఆ క్షణంలోనే ఇంద్రుడు అచ్చం ఆమెలాంటి ఇంకొకరిని అక్కడ పెడతాడు. తాళం తప్పదు, అడుగు తప్పదు. వీడియోలో ఒక్క ఫ్రేమ్ కూడా పోలేదు అన్నట్టు సభ మొత్తం చూస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. వృషభనాథుడికి ఒక్కడికే తెలుస్తుంది, ఇప్పుడు ఆడుతున్నది ఇందాకటి మనిషి కాదని. ఒక మనిషి పోయినా ఆట ఆగలేదే అని అతనికి అక్కడే మనసు విరిగిపోతుంది. రాజ్యం కొడుకులకి పంచి వెళ్ళిపోతాడు.

ఆ కొడుకులే భరతుడు, బాహుబలి. మన తరానికి బాహుబలి అంటే ప్రభాస్. అసలు బాహుబలి కథ వేరే ఉంది. చక్రవర్తి అవుదామని భరతుడు అందర్నీ గెలిచి వస్తే తమ్ముడు తలవంచడు. సైన్యాలు చావడం ఎందుకని ఇద్దరే చూపుతో, నీళ్ళలో, కుస్తీలో పోటీ పడతారు. మూడింట్లోనూ బాహుబలి గెలుస్తాడు. ఓర్వలేక అన్న చక్రం విసురుతాడు, అది అతన్ని ఏమీ చేయదు. గెలిచిన తర్వాత, రాజ్యం కోసం అన్నే చంపడానికి చూశాడే అని రోత పుట్టి, గెలిచిందంతా అన్నకే వదిలేసి బాహుబలి అడవికి పోతాడు. ఒళ్ళంతా తీగలు అల్లుకునేదాకా నిలబడి తపస్సు చేస్తాడు.

ఈ బాహుబలి రాజధాని పౌదనపురం. అది మన బోధనే అని చాలామంది పండితుల అభిప్రాయం. శ్రవణబెళగొళలో 1180 ప్రాంతపు శాసనం ఒకటి ఉంది, బొప్పణకవి రాసింది. పౌదనపురంలో భరతుడు తమ్ముడికి ఒక మహా విగ్రహం పెట్టించాడని, కాలక్రమంలో అక్కడికి పోవడమే కష్టమైందని, దాన్ని చూడాలనుకున్న చావుండరాయడు చూడలేక తానే ఒకటి చెక్కించాడని అందులో ఉంది. అదే 981 ప్రాంతంలో చెక్కిన 57 అడుగుల గోమటేశ్వరుడు. అంటే ప్రపంచమంతా వచ్చి చూసే ఆ విగ్రహం, కథ ప్రకారం, మన ఊరి దాని బదులు పెట్టుకున్నది! ఇది పురాణం, దీన్ని చరిత్ర అనట్లేదు. కానీ ఆ పురాణాన్ని కన్నడలో మొదట కావ్యంగా చెప్పినవాడు, ఆ ఊరిని తొలి రాజధానిగా చేసుకున్న వంశం కొలువులోనే ఉన్నాడు. బోధన్‌లో పంప సమాధి ఉందని కూడా చెప్పుకుంటారు.

ఇంతవరకు చెప్పిన కుటుంబ వివరాల్లో చాలా భాగం మనకి ఎలా తెలిసిందో చెప్పకపోతే ఈ కథలో అసలు మనిషిని వదిలేసినట్టే. పంపకి జినవల్లభుడని తమ్ముడు ఉన్నాడు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. దాని రాతి మీద జినవల్లభుడు తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కించాడు. త్రిభువనతిలకం అని ఒక బసది కట్టించాడు, తోట వేయించాడు, చెరువు తవ్వించి దానికి కవితాగుణార్ణవం అని పేరు పెట్టాడు. కవితాగుణార్ణవుడు అన్నది పంప బిరుదు. అన్న పేరు మీద చెరువు అన్నమాట. బొమ్మల కింద 11 పంక్తుల శాసనం చెక్కించాడు. వంగిపర్రు, భీమపయ్య, అబ్బణబ్బె, అరికేసరి ఇచ్చిన ధర్మవురం, అన్నీ అందులో ఉన్నాయి. అన్న తన కావ్యంలో చెప్పుకున్న మాటల్ని తమ్ముడు రాతి మీద సరిచూసి పెట్టినట్టు ఉంటుంది.

శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉంది. చివర మూడు కంద పద్యాలు తెలుగువి. కాలం 945 ప్రాంతం. నన్నయ రాజరాజనరేంద్రుడి కొలువులో భారతం మొదలుపెట్టింది దీనికి సుమారు వందేళ్ళ తర్వాత. అన్న కన్నడకి ఆదికవి. తమ్ముడేమో నన్నయ కంటే వందేళ్ళ ముందే తెలుగు కందాలు రాతికెక్కించాడు. ఒకే తల్లి పిల్లలు. 2008లో తెలుగుకీ కన్నడకీ ఒకే రోజు ప్రాచీన భాష హోదా వచ్చింది, తెలుగు తరఫున చూపించిన ఆధారాల్లో ఈ గుట్ట మీది మూడు పద్యాలూ ఉన్నాయి. ఆదికవి మావాడంటే మావాడని కొట్టుకునేవాళ్ళని ఒక్కసారి ఈ రాతి ముందు నిలబెట్టాలని నాకు అనిపిస్తుంది.

పంప రాసిన తాటాకులు ఏవీ మిగల్లేదు, మిగిలినవి తర్వాతి వాళ్ళు రాసుకున్న ప్రతులే. వాటి నుంచి పంప భారతాన్ని మొదటిసారి అచ్చు వేయించింది బి.ఎల్. రైస్, 1898లో. జినవల్లభుడి అక్షరాలు మాత్రం చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయి. తెలుగు, కన్నడ లిపులు అప్పటికి ఇంకా విడిపోలేదు. బాగా చూస్తే మనం గుర్తుపట్టగలిగే అక్షరాలు కొన్ని దొరుకుతాయి. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలు గ్రానైట్ కోసం ఎలా మాయమవుతున్నాయో ఆ దారిలో బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. దసరా సెలవుల్లో వెళ్ళి ఆ 11 పంక్తుల్నీ మంచి వెలుతురులో, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి త్రీడీ మోడల్ చేద్దామని మా బ్యాచ్‌లో నలుగురం అనుకుంటున్నాం. పొద్దున పక్కవాటుగా ఎండ పడేటప్పుడు చెక్కుడు బాగా కనిపిస్తుందట. కెమెరా మంచిది ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తామంటే క్లబ్ గ్రూపులో చెప్పండి.